యూస్టస్ ఫాన్ లీబిగ్: నేల ఋణం తీర్చమన్న శాస్త్రజ్ఞుడు

రైతు పండించిన ధాన్యం పట్టణానికి తరలిపోయేటప్పుడు దానితోపాటు పొలంలోని సారం కూడా కొంత తరలిపోతుంది. పట్టణవాసులు భుజించిన పిమ్మట ఆ సారం మురుగుకాలువల గుండా నదిలోనికి, నది గుండా సముద్రంలోనికి చేరుతుంది. ఏటేటా తీసుకొని పోవడమే గాని తిరిగి ఇవ్వడం లేని ఈ వ్యవహారం ఎంతకాలం సాగుతుంది? పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ ప్రశ్నను ఐరోపాలోని పాలకుల ముందు, నగరపాలకుల ముందు పట్టుదలతో ఉంచిన మేధావి జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టస్ ఫాన్ లీబిగ్.

ఆయన ప్రశ్న సరియైనది. ఆ ప్రశ్నకు సమాధానం ఇచ్చేవారు ఎవరన్న విషయంలో మాత్రం ఆయన పొరబడ్డాడు. కంటికి కనిపించని సూక్ష్మజీవుల శక్తిని జీవితమంతా శంకించిన ఈ మహాశాస్త్రజ్ఞుని ఆశయాన్ని చివరకు ఆ సూక్ష్మజీవులే నెరవేర్చడం విజ్ఞానశాస్త్ర చరిత్రలోని ఒక విచిత్ర ఘట్టం. విద్యార్థులమైన మనకు ఆయన విజయాలు ఎంత బోధిస్తాయో ఆయన పొరపాట్లు కూడా అంతే బోధిస్తాయి.

బాల్యము, విద్యాభ్యాసము

లీబిగ్ 1803 మే 12వ తేదీన జర్మనీలోని హెస్సె సంస్థానంలో, డార్మ్‌స్టాట్ నగరంలో జన్మించాడు. తండ్రి రంగులు, ఔషధ ద్రవ్యాలు, రసాయనాలు అమ్ముకొనే వర్తకుడు. దుకాణానికి కావలసిన కొన్ని సరుకులను ఆయన స్వయంగా తయారుచేసేవాడు. ఆ పనిలో సహాయపడుతూ బాలుడు రసాయన శాస్త్రపు ఓనమాలు దిద్దుకున్నాడు. పాఠశాల చదువులో రాణించలేక పూర్తికాకముందే దానిని విడిచిపెట్టి, హెప్పెన్‌హైమ్ అనే ఊరిలో ఒక మందుల వ్యాపారి వద్ద కొద్దికాలం శిష్యరికం చేశాడు.

ఆయన 13వ ఏట ఐరోపాను ఒక పెద్ద ఆపద చుట్టుముట్టింది. 1815లో తూర్పు ఇండియా దీవులలోని తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలై, దాని ధూళి ఆకాశాన్ని కమ్మివేయగా, 1816వ సంవత్సరం వేసవి లేని సంవత్సరంగా గడిచింది. పంటలు పాడై, రొట్టెల ధరలు పెరిగి, జర్మనీలో అనేక ప్రాంతాలు క్షామం పాలైనాయి. నేల పండకపోతే మానవుని గతి ఏమిటో ఆయన తరంవారు పసితనంలోనే కళ్ళారా చూశారు.

1820లో బాన్ విశ్వవిద్యాలయంలో చేరిన లీబిగ్ తన ఆచార్యుని వెంట ఎర్లాంగెన్ వెళ్ళాడు. విద్యార్థుల అలజడులలో పాల్గొనడంతో 1822లో ఎర్లాంగెన్ విడువవలసి వచ్చింది. అయినా సంస్థానాధిపతి ఆయన ప్రతిభను గుర్తించి, వేతనమిచ్చి పారిస్ నగరానికి పంపాడు. అక్కడ సుప్రసిద్ధ ప్రకృతి పరిశోధకుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ కంట ఈ యువకుడు పడ్డాడు. ఆయన చొరవతో గే-లుసాక్ తన సొంత ప్రయోగశాలలో లీబిగ్‌కు చోటిచ్చాడు. హంబోల్ట్ సిఫారసు ఫలితంగా 1824లో, కేవలం 21వ ఏట, లీబిగ్ గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా నియమితుడైనాడు.

గీసెన్ ప్రయోగశాల

గీసెన్ ఒక చిన్న పట్టణం. విశ్వవిద్యాలయం లీబిగ్‌కు ఇచ్చింది పాడుబడిన సైనిక నివాసంలోని ఒక కావలి గది. ఆ గదినే ఆయన ప్రపంచ విద్యార్థులకు యాత్రాస్థలంగా మార్చివేశాడు. అంతకుముందు రసాయన శాస్త్రమంటే ఆచార్యుడు బల్ల మీద ప్రయోగం చేసి చూపగా విద్యార్థులు దూరం నుండి చూసి వ్రాసుకోవడమే. లీబిగ్ ఆ పద్ధతిని తలక్రిందులు చేశాడు. ప్రతి విద్యార్థి తన చేతులతో పదార్థాలను తూచాలి, వేడిచేయాలి, విశ్లేషించాలి, తప్పు చేసి సరిదిద్దుకోవాలి. నేడు మన కళాశాలలలో మనం చేసే ప్రాక్టికల్ తరగతులకు మూలపురుషులలో ఆయన ప్రముఖుడు.

1831లో ఆయన ఐదు గాజు బుడ్డీలు గల ఒక చిన్న పరికరాన్ని రూపొందించాడు. పదార్థాన్ని మండించినపుడు వెలువడే బొగ్గుపులుసు వాయువును అందులోని పొటాష్ ద్రావణం పీల్చుకొంటుంది. పరికరం బరువు ఎంత పెరిగిందో తూస్తే ఆ పదార్థంలో కర్బనం ఎంత ఉన్నదో తెలిసిపోతుంది. అదివరకు నేర్పరియైన శాస్త్రజ్ఞుడు ఎంతో కాలం శ్రమించి చేసే విశ్లేషణను ఈ పరికరంతో సామాన్య విద్యార్థి కూడా చేయగలిగాడు. అదే సంవత్సరంలో ఆయన క్లోరోఫారమ్‌ను కనుగొన్నాడు. మరికొందరు శాస్త్రజ్ఞులు కూడా దాదాపు ఆ కాలంలోనే దానిని వేరువేరుగా కనుగొన్నారు. ఈ క్లోరోఫారమ్ ప్రసక్తి ఈ కథలో మరల వస్తుంది.

హోఫ్‌మన్, కెకులే వంటి మహాశాస్త్రజ్ఞులు ఆయన శిష్యులు. ఇంగ్లండు నుండి, అమెరికా నుండి కూడా యువకులు గీసెన్‌కు వచ్చారు. మొదట ప్రత్యర్థిగా పరిచయమైన వోలర్ తరువాత ఆయనకు ఆజన్మాంతం ప్రాణమిత్రుడైనాడు. లీబిగ్ తొందరపాటుగల మనిషి, వాదాలలో కటువుగా మాట్లాడేవాడు. శాంతస్వభావుడైన వోలర్ ఆయనను అనేక పర్యాయాలు వారించవలసి వచ్చింది.

నేల, భాస్వరము

1840లో వెలువడిన వ్యవసాయ రసాయన శాస్త్ర గ్రంథం లీబిగ్‌ను ఇంటింటా తెలిసిన వ్యక్తిని చేసింది. మొక్కలు కుళ్ళిన ఆకులలోని సారాన్నే తిని పెరుగుతాయని ఆనాడు చాలామంది నమ్మేవారు. మొక్కకు కర్బనం గాలినుండి లభిస్తుందనీ, నేలనుండి అది గ్రహించేది ప్రధానంగా పొటాష్, సున్నం, భాస్వరం వంటి ఖనిజ లవణాలనీ లీబిగ్ నొక్కి చెప్పాడు. ఏ లవణం అన్నిటికంటె కొరతగా ఉంటుందో పంట దానినిబట్టే ఉంటుందన్న సూత్రాన్ని ఆయన లోకమంతటా ప్రచారం చేశాడు. ఈ భావాన్ని 1828లోనే స్ప్రెంగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడన్నది మరువరాదు. పీపాకున్న పలకలలో ఒకటి పొట్టిదైతే నీరు ఆ పలక ఎత్తుకు మించి నిలువదు. తరువాతివారు ఈ ఉపమానంతోనే ఆ సూత్రాన్ని బోధిస్తూ వచ్చారు.

ఆ పొట్టి పలక అనేక నేలలలో భాస్వరమే. భాస్వరానికి గాలిలో నిల్వ లేదు. ఒకసారి పొలం విడిచి సముద్రం చేరితే మానవకాలంలో తిరిగి రాదు. 1669లో హాంబుర్గ్ నగరవాసి హెన్నిగ్ బ్రాండ్ మానవ మూత్రాన్ని కాచి, ఇగిర్చి, చీకటిలో వెలిగే ఈ మూలకాన్ని మొట్టమొదట కనుగొన్నాడు. అంటే పొలం నుండి వచ్చిన భాస్వరం మానవ శరీరం గుండా ఎక్కడికి పోతున్నదో ఆ తొలినాడే బయటపడిందన్నమాట. ఎముకలను గంధకామ్లంతో కరిగించి పొలానికి వేయవచ్చునని లీబిగ్ సూచించాడు. ఇంగ్లండులో లాస్ 1842లో ఇటువంటి ఎరువుకు పేటెంటు పొంది సూపర్ ఫాస్ఫేట్ పరిశ్రమకు పునాది వేశాడు.

లీబిగ్ సొంతంగా తయారుచేసిన ఎరువు మాత్రం 1845 ప్రాంతంలో ఘోరంగా విఫలమైనది. వర్షపు నీటికి లవణాలు కొట్టుకొనిపోతాయన్న భయంతో వాటిని కరగని విధంగా సున్నంతో కలిపి కరిగించి ముద్దచేశాడు. కరగని ఎరువును మొక్క వేళ్ళు గ్రహించలేవు గదా! నేలకే లవణాలను పట్టి ఉంచే గుణం ఉన్నదని 1850లో ఇంగ్లండులో వే అనే శాస్త్రజ్ఞుడు చూపిన తరువాత లీబిగ్ కళ్ళు తెరుచుకున్నాయి. సృష్టికర్త చేసిన ఏర్పాటును సవరించబోయి తగిన శిక్ష అనుభవించానని ఆయన తరువాతి కాలంలో తన గ్రంథంలోనే బహిరంగంగా ఒప్పుకున్నాడు. నత్రజని ఎరువు అంతగా అవసరం లేదన్న ఆయన వాదం కూడా రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో లాస్, గిల్బర్ట్‌లు జరిపిన ప్రయోగాల ముందు నిలువలేదు. ఈ గిల్బర్ట్ గీసెన్‌లో ఆయన శిష్యుడే.

లండన్ మురుగునీటి సమస్య

1852లో లీబిగ్ మ్యూనిక్ నగరానికి తరలివెళ్ళాడు. ఆ రోజులలో ప్రపంచంలో అతి పెద్ద నగరమైన లండన్ తన మలినాన్నంతా థేమ్స్ నదిలోనికి వదులుతూ ఉండేది. అంతకుముందు మరుగుదొడ్ల గుంటలను ఖాళీచేసి, ఆ పెంటను పరిసర పొలాలకు అమ్మేవారు. నీటితో కడిగే దొడ్లు వచ్చిన తరువాత అదంతా కాలువల పాలైనది. కలరా వ్యాధి పలుమార్లు విజృంభించి వేలాది ప్రాణాలను బలిగొన్నది. 1858 వేసవిలో నది దుర్గంధం భరించలేక పార్లమెంటు సభ్యులు తల్లడిల్లారు. అప్పుడు బజల్జెట్ అనే ఇంజనీరు గొప్ప మురుగుకాలువలు నిర్మించి, మలినాన్ని నగరానికి తూర్పుగా దూరం తీసుకొనిపోయి, నది పోటు తగ్గే వేళ సముద్రంవైపు వదిలే ఏర్పాటు చేశాడు.

ఆ కాలువలు లక్షలాది ప్రజలను కాపాడినవి. ఆ పనిని తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే నగరం సంతోషించిన చోటే లీబిగ్‌కు దుఃఖం కలిగింది. కాలువ పొడవునా ఆయన కంటికి కనిపించింది సముద్రానికి పోతున్న రొట్టె. ఇంగ్లండు తన నేల సారాన్ని సముద్రంలో పారబోసి, ఆ లోటును పూడ్చుకొనడానికి పెరూ దేశపు దీవులనుండి పక్షిరెట్టను, ఐరోపా ఖండంనుండి ఎముకలను తెప్పించుకొంటున్నదని ఆయన మండిపడ్డాడు. పూర్వపు యుద్ధభూములలోని ఎముకలను సైతం విడిచిపెట్టలేదని ఆరోపించాడు. ప్రాచీన రోము నగరం తన మహా మురుగుకాలువ ద్వారా రోమన్ రైతుల సంపదను మ్రింగివేసిందని వాదించాడు. పొలం నుండి తీసిన దానిని తిరిగి పొలానికే చేర్చే చైనా, జపాన్ రైతులను ఆదర్శంగా చూపాడు. 1865లో లండన్ నగరాధ్యక్షునికి మురుగునీటి వినియోగాన్ని గురించి లేఖలు వ్రాసి ప్రకటించాడు.

ఆయన జోస్యం చెప్పినంత త్వరగా కరువు రాలేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో, ఉత్తర ఆఫ్రికాలో భాస్వరపు రాతి గనులు బయటపడ్డాయి. లోకం ఆ గనులను త్రవ్వుకొని తిన్నది, ఆయన హెచ్చరికను మరచిపోయింది. అయితే గని కూడా ఒక నిల్వయే గాని ఊట కాదు. తీసుకొన్నది తిరిగి ఇవ్వాలన్న ప్రశ్న వాయిదా పడిందే గాని తీరిపోలేదు.

సూక్ష్మజీవులతో వివాదము

లీబిగ్ జీవితంలోని పెద్ద పొరపాటును ఇక్కడ చెప్పుకోవాలి. 1837 ప్రాంతంలో కాన్యార్-లాతూర్, ష్వాన్, క్యూట్సింగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఒకే సంగతి కనుగొన్నారు. ద్రాక్షరసం పులియడానికి కారణమైన ఈస్టు ఒక జీవి అన్నదే ఆ సంగతి. లీబిగ్ దీనిని అంగీకరించలేదు. కుళ్ళే పదార్థంలోని చలనం ప్రక్క పదార్థానికి అంటుకొనడం వల్లనే పులియడం జరుగుతుందని ఆయన సిద్ధాంతం. 1839లో వోలర్, లీబిగ్ కలసి తమ పత్రికలో పేరు లేకుండా ఒక పరిహాస వ్యాసం ప్రకటించారు. బట్టీ ఆకారంలో ఉన్న చిట్టి జంతువులు చక్కెర మ్రింగి సారాయిని విసర్జిస్తున్నట్లు అందులో వర్ణించి, ష్వాన్ ప్రభృతులను నవ్వులపాలు చేశారు.

నవ్వు శాస్త్రీయ నిదర్శనానికి సమాధానం కాదు. 1857 తరువాత ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఒక్కొక్క పులియబెట్టే క్రియకు ఒక్కొక్క సూక్ష్మజీవి కారణమని ప్రయోగాలతో చూపసాగాడు. 1870లో కూడా లీబిగ్ సుదీర్ఘమైన ప్రత్యుత్తరం ప్రకటించాడు. వివాదం తేలకుండానే 1873 ఏప్రిల్ 18వ తేదీన ఆయన మ్యూనిక్‌లో కన్నుమూశాడు. 1897లో బుఖ్నర్ ఈస్టు కణాలను నూరి తీసిన రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని నిరూపించినప్పుడు, జీవి లోపల రసాయన క్రియే జరుగుతున్నదన్న లీబిగ్ పట్టుదలలో కూడా కొంత సత్యం ఉన్నదని తేలింది.

ఆయన తదనంతరము

లీబిగ్ వద్ద కొద్దికాలం పనిచేసిన ఫ్రాంక్‌లండ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నదుల కాలుష్యాన్ని విచారించే సంఘంలో సభ్యుడైనాడు. మురుగునీటిని విరామాలిస్తూ నేల గుండా వడగట్టితే అది శుభ్రపడుతుందని ఆయన చూపాడు. లీబిగ్ మరణించిన నాలుగేళ్ళకు, 1877లో ష్లోయెసింగ్, మ్యూంట్స్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇసుక, సుద్ద నింపిన గొట్టం గుండా మురుగునీటిని పంపారు. కొన్ని దినాలకు అందులోని అమోనియా నైట్రేటుగా మారసాగింది. గొట్టంలోనికి క్లోరోఫారమ్ ఆవిరిని పంపగానే ఆ మార్పు ఆగిపోయింది. కొంచెం మట్టి కలిపిన నీరు పోయగా తిరిగి మొదలైంది. ఆ పని చేస్తున్నవి ప్రాణులేనని ఆ విధంగా రుజువైంది. లీబిగ్ కనుగొన్న ద్రవ్యమే లీబిగ్ కాదన్న సత్యానికి సాక్షిగా నిలిచింది!

1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనేవారు మురుగునీటికి గాలి పట్టించి, అడుగున చేరే బురదను పారవేయకుండా తిరిగి తిరిగి వాడితే శుద్ధి త్వరగా జరుగుతుందని ప్రకటించారు. ఆ బురద సూక్ష్మజీవుల సముదాయం. వారికి మార్గం చూపిన ఫౌలర్ అనే శాస్త్రజ్ఞుడు 1916లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడుగా వచ్చాడు. అక్కడ మురుగునీటి పరిశోధన వేళ్ళూనింది. ఆ సంస్థకు చెందిన శ్రీనాథ్, శాస్త్రి, పిళ్ళై అనే మువ్వురు శాస్త్రజ్ఞులు 1959లో ఒక చిన్న పత్రం ప్రకటించారు. గాలి పట్టించిన బురద మురుగునీటిలోని భాస్వరాన్ని అతి శీఘ్రంగా గ్రహిస్తున్నదని అందులోని విషయం. భాస్వరాన్ని సూక్ష్మజీవుల ద్వారా తొలగించే విద్యకు ఆద్యములైన పరిశోధనలలో ఒకటిగా ప్రపంచం దానిని నేటికీ పేర్కొంటున్నది. 1965లో అమెరికాలో లెవిన్, షపీరో ఇదే విషయాన్ని విస్తరించారు. 1970 దశకంలో దక్షిణ ఆఫ్రికాలో బార్నార్డ్ దీనిని కర్మాగార పద్ధతిగా తీర్చిదిద్దాడు.

ఆ సూక్ష్మజీవుల ప్రవర్తన ఎంతో చమత్కారమైనది. బురదను మొదట గాలి తగలని తొట్టిలో ఉంచుతారు. ప్రాణవాయువు లేని ఆ స్థితిలో అవి తమలో దాచుకొన్న భాస్వరపు గొలుసులను త్రెంచి, ఆ శక్తితో మురుగులోని ఎసెటిక్ ఆమ్లం వంటి ఆహారాన్ని లోనికి లాగి కొవ్వువలె నిల్వ చేసుకొంటాయి. అప్పుడు నీటిలో భాస్వరం తగ్గకపోగా పెరుగుతుంది. పిమ్మట గాలి పట్టించే తొట్టిలోనికి పోగానే, దాచిన ఆహారాన్ని ఖర్చు చేసుకొంటూ, విడిచినదానికంటె ఎక్కువ భాస్వరాన్ని తిరిగి లోనికి గుంజుకొంటాయి. కరువు కాలానికి గాదె నింపుకొనే రైతు వంటివి అవి. గాదె నిండిన వేళ బురదలో కొంత భాగాన్ని తీసివేస్తే దానితో భాస్వరం కూడా నీటినుండి తొలగిపోతుంది. మామూలు బురదలో ఎండు బరువులో సుమారు నూటికి 2 వంతుల భాస్వరం ఉంటే, ఈ విధంగా పెంచిన బురదలో 5 వంతులు, అంతకు పైన కూడా ఉండవచ్చు. వీటిలో ముఖ్యమైన ఒక జాతికి 1999లో అక్యుములిబాక్టర్ అని పేరు పెట్టారు. కూడబెట్టేది అని దాని అర్థం.

మనకు సంబంధించిన మాట

ఇది ఎక్కడో పరదేశపు సంగతి అనుకొనరాదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వించిన హుస్సేన్ సాగర్‌లోనికి దశాబ్దాల తరబడి నగరపు మురుగు చేరడం వల్ల నీరు పచ్చబడి, నాచు, గుర్రపుడెక్క పెరిగి, చేపలు చనిపోవడం హైదరాబాదు వాసులకు తెలియని విషయం కాదు. ఆ నాచును పోషించినవాటిలో ముఖ్యమైనది మురుగులోని భాస్వరమే. ఒకవైపు ఆ భాస్వరం చెరువులను పాడుచేస్తుండగా, మరొకవైపు మన దేశం పొలాలకు కావలసిన భాస్వరంలో అధిక భాగాన్ని విదేశాలనుండి కొనుగోలు చేస్తున్నది. ప్రపంచంలోని భాస్వరపు రాతి నిల్వలలో సుమారు నూటికి 70 వంతులు మొరాకో అధీనంలో ఉన్నాయి. ఒక చేత పారవేస్తూ మరొక చేత కొనడమంటే ఇదే.

ఎండాకాలంలో చెరువు పూడికమట్టిని బండ్ల మీద పొలాలకు తోలే మన పల్లెటూరి పెద్దలు లీబిగ్ పేరు విని ఉండరు. అయినా నేలకు ఋణం తీర్చాలన్న ధర్మాన్ని వారు ఆచరణలో ఉంచారు. లీబిగ్ జన్మభూమియైన జర్మనీ 2017లో ఒక ఉత్తర్వు చేసి, పెద్ద మురుగుశుద్ధి కేంద్రాల బురదనుండి భాస్వరాన్ని తిరిగి రాబట్టడం 2029 నుండి విధిగా జరగాలని నిర్దేశించింది. ఆయన మరణించిన 144 సంవత్సరాలకు ఆయన మొర ఆయన దేశపు శాసనంలోనికి ఎక్కింది.

లీబిగ్ జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండు. ఎవరూ పట్టించుకొనని ప్రశ్నను లోకం వినేవరకు అడుగుతూనే ఉండాలన్నది మొదటిది. ఎంత గొప్పవాడైనా తన ఊహకు అందనిదానిని పరిహసించరాదన్నది రెండవది. ఎరువు విషయంలో తన తప్పు ఒప్పుకొన్న లీబిగ్ మనకు పూజ్యుడు. ఈస్టు విషయంలో ఒప్పుకొనలేకపోయిన లీబిగ్ మనకు హెచ్చరిక. ఆయన నవ్విపోయిన ఆ చిట్టి ప్రాణులే నేడు రాత్రింబగళ్ళు మురుగు తొట్లలో ఆయన కోరిన పని చేస్తున్నాయి. అవి కూడబెట్టిన భాస్వరాన్ని తిరిగి పొలానికి చేర్చడం మాత్రం వాటి చేతిలో లేదు. అది మన వంతు.